నిదానమే ప్రధానం

తెలుగువారి నోట తరచుగా వినిపించే సామెతలలో 'నిదానమే ప్రధానం' ఒకటి. ఇక్కడ నిదానమంటే తొందరపడకపోవడమని మనం గ్రహిస్తాం. సంస్కృతంలో ఈ పదానికి మూలకారణం అనే అర్థం ఉంది. రోగానికి కారణాన్నీ, రోగాన్ని నిర్ణయించే శాస్త్రాన్నీ ఆయుర్వేదం ఈ పేరుతోనే వ్యవహరించింది. ఈ రెండర్థాలూ ఒకచోట కలిసిన సందర్భం మా బంధువుల ఇంట ఎదురైంది. అక్కడ రోగి మనిషి కాదు, కంప్యూటర్.

రాజమహేంద్రవరంలో ఉండే మా మేనల్లుడు ఇంజనీరింగ్ విద్యార్థి. చదువుకూ, ఆటలకూ పనికివస్తుందని వాళ్ల నాన్నగారు ఒక కంప్యూటర్ కొనిపెట్టారు. ఎనిమిది నెలలకే అందులోని గ్రాఫిక్స్ కార్డు పాడైంది. డబ్బు పోసి మరొకటి కొన్నారు. అదీ ఏడాది తిరగకుండానే పోయింది. వారంటీ కింద వచ్చిన మూడోది నెల రోజులకే మొరాయించసాగింది. "రాత్రింబవళ్లు ఆటలాడి నువ్వే కాల్చేస్తున్నావు" అని బావగారు కోపించి, ఇక కంప్యూటర్ ముట్టవద్దని ఆజ్ఞాపించారు. "నేనేమీ చేయలేదు మామయ్యా" అని వాడు నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఒకే వస్తువు మూడుసార్లు పాడైందంటే, దోషం ఆ వస్తువులో ఉందా, లేక దానిని ఉంచిన చోట ఉందా అన్న సందేహం నాకు కలిగింది.

ఇంతకూ గ్రాఫిక్స్ కార్డు చేసే పని ఏమిటి? సాధారణమైన తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే మొత్తం 20,73,600 చుక్కలు. ఆట సాగేటప్పుడు బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే, 12 కోట్ల 44 లక్షలకు పైగా చుక్కల రంగులను ప్రతి సెకనూ నిర్ణయించాలి. ఈ లెక్కలన్నీ ఆ కార్డే చేస్తుంది. శక్తిమంతమైన కార్డుకు 200 వాట్లకు మించిన విద్యుత్తు కావలసి ఉంటుంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి అందేది 75 వాట్లు మాత్రమే. మిగిలినది పవర్ సప్లై నుంచి వేరే తీగ ద్వారా రావాలి. ఎనిమిది పిన్నుల కనెక్టరు ఒక్కొక్కటి 150 వాట్లు అందించగలదు. ఈ విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. కనుక కార్డు ఆయుర్దాయం ప్రధానంగా రెండింటిపై ఆధారపడి ఉంటుంది. ఒకటి నిలకడగల విద్యుత్తు, రెండు చల్లని గాలి.

రోగాన్ని తెలుసుకోవడానికి వాగ్భటుని 'అష్టాంగహృదయం' అయిదు సాధనాలను పేర్కొన్నది. అవి నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. యంత్రానికి కూడా ఇవి చక్కగా అన్వయిస్తాయి.

వ్యాధి ముదరకముందు కనిపించే సూచనలు పూర్వరూపం. తెరపై అక్కరలేని గీతలు, రంగుచుక్కలు మెరవడం, ఫ్యాన్ శబ్దం పెరగడం ఇటువంటివి. వ్యాధి స్పష్టంగా బయటపడితే అది రూపం. ఆట మధ్యలో తెర నల్లబడటం, కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలుకావడం రూపాలు. మా మేనల్లుని కంప్యూటర్‌లో రెండోదే కనిపించింది.

కారణం నుంచి వ్యాధి ఏ క్రమంలో పుట్టిందో తెలుపునది సంప్రాప్తి. దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. గాలి ఆడకపోతే వేడి పెరుగుతుంది. వేడెక్కినప్పుడు వ్యాకోచించి, చల్లారినప్పుడు సంకోచించే లోహపు అతుకులలో క్రమంగా పగుళ్లు ఏర్పడతాయి. కొన్ని సందర్భాలలో దోషం పుట్టుకతోనే ఉంటుంది. 2008 జులైలో ఎన్‌విడియా సంస్థ తన లాప్‌టాప్ చిప్పులలో కొన్ని నిర్మాణపదార్థాల బలహీనత వలన విఫలమవుతున్నాయని ప్రకటించి, ఆ ఖర్చులకై 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది. 2022లో అదే సంస్థ కొత్త కార్డులలో కొన్నింటికి విద్యుత్ కనెక్టర్లు కరిగిపోయాయి. కనెక్టరును పూర్తిగా లోపలికి నొక్కకపోవడం తరచుగా కనిపించిన లోపమని సంస్థ తెలిపింది. ఒకే రూపానికి ఇన్ని నిదానాలు ఉండవచ్చు.

మందునో పథ్యాన్నో ఇచ్చి, గుణం కనిపిస్తుందా లేదా అని పరీక్షించడం ఉపశయం. ఇందులో నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది ఫలించిందో తెలియదు. మొదట డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తొలగించి మళ్లీ ఎక్కించాము. ఫలితం లేదు. తరువాత దుమ్ము దులిపాము. వేడి 84 డిగ్రీల నుంచి 71కి దిగింది గాని తెర నల్లబడటం ఆగలేదు. ఆ పైన కార్డును మిత్రుని కంప్యూటర్‌లో అమర్చాము. రోజంతా ఆడినా అక్కడ ఏ లోపమూ కనిపించలేదు. తర్కశాస్త్రంలో దీనిని అన్వయవ్యతిరేకాలంటారు. మా ఇంటి పెట్టెలో ఉంటే దోషం ఉంది, లేకుంటే దోషం లేదు. కార్డు నిరపరాధి అని తేలింది. మిత్రుడు తన మంచి కార్డును మా పెట్టెలో పెట్టి చూద్దామన్నాడు గాని నేను వారించాను. విద్యుత్తులో దోషముంటే ఆ కార్డు కూడా బలి కావచ్చు.

కంప్యూటర్లు బాగుచేసే యువకుడు వచ్చి మల్టీమీటరుతో కొలిచాడు. 12 వోల్టులుండవలసిన తీగలో 11.4కు తగ్గకూడదు, 12.6కు మించకూడదు. ఆట మొదలుకాగానే అది 11.1కి పడిపోయింది. చవకగా కొన్న పవర్ సప్లై భారం మోయలేకపోతున్నది. ఎలక్ట్రీషియన్ చూస్తే గోడలోని ప్లగ్గుకు ఎర్తింగ్ తీగ ఊడిపోయి ఉంది. ఎర్తింగ్ లేని ఇంట్లో స్పైక్ గార్డు ఉన్నా, కరెంటు పోయి వచ్చేటప్పటి పోటును అది సరిగా అడ్డుకోలేదు. రెండింటినీ సరిచేయించాము. కొత్త పవర్ సప్లై ధర ఒక కార్డు ధరలో మూడో వంతు. ఆ మూడో కార్డు రెండేళ్లుగా చక్కగా పనిచేస్తున్నది. మొదటి రెండూ ఇందువల్లనే పోయాయని ఇప్పుడు రుజువు చేయలేము. అయినా మూడోది నిలిచిందన్నది ప్రత్యక్షం.

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకివల్లనే పండు రాలిందనుకోవడం కాకతాళీయాన్ని కారణంగా భ్రమించడమే. ఆట ఆడినప్పుడు కార్డుకు ఎక్కువ విద్యుత్తు కావాలి. అందుచేత అంతవరకు దాగి ఉన్న దోషం అప్పుడు బయటపడింది. ఆట రోగాన్ని చూపింది, పుట్టించలేదు. ఈ సంగతి వివరించినప్పుడు బావగారు చాలాసేపు మౌనం వహించి, "ఊరికే నిన్ను అన్నానురా" అని కొడుకు భుజంపై చెయ్యి వేశారు.

విద్యార్థులు ఒక హెచ్చరికను గుర్తుంచుకోవాలి. తీగలు తీసే ముందు ప్లగ్గు పీకివేయాలి. పవర్ సప్లై పెట్టెను ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

చెడిన వస్తువును మార్చడం సులభం. అది ఎందుకు చెడిందో విచారించడానికి ఓర్పు కావాలి. ఆ ఓర్పు లేనప్పుడు డబ్బు వృథా కావడమే కాదు, తప్పు చేయని వారు నిందను మోయవలసి వస్తుంది.

ప్రశ్నలు

1. 'నిదానం' అనే పదానికి గల రెండర్థాలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. ఉపశయ పరీక్షలో ఒకసారికి ఒక్క మార్పే ఎందుకు చేయాలి?
3. 'ఆట రోగాన్ని చూపింది, పుట్టించలేదు' అనే వాక్యాన్ని సమర్థించండి.
4. మీ ఇంట పదేపదే పాడయ్యే ఒక వస్తువును గురించి నిదానపంచకం ననుసరించి ఒక వ్యాసం రాయండి.