కాలేజీ సమ్మర్ ప్రోగ్రామ్: ఫీజుకు తగ్గ ఫలితం ఉందా?

అమెరికాలో వేసవి సెలవులు రాగానే చాలా విశ్వవిద్యాలయాలు హైస్కూల్ విద్యార్థులను తమ క్యాంపస్‌లకు ఆహ్వానిస్తాయి. రెండు మూడు వారాలు హాస్టల్‌లో ఉండి జన్యుశాస్త్రమో, రోబోటిక్సో నేర్చుకోవచ్చు. ఇందుకు చాలాచోట్ల వేల డాలర్ల ఫీజు కట్టాలి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ వినిపించే ప్రశ్న ఒకటే: ఇంత ఖర్చుకు తగిన మేలు పిల్లలకు జరుగుతుందా?

ఈ కోర్సులు చేసినవారిలో చాలామంది తర్వాత మంచి కాలేజీల్లో చేరారని చెబితే అది రుజువులా అనిపిస్తుంది. కానీ అక్కడే ఒక చిక్కుంది. బాస్కెట్‌బాల్ క్రీడాకారులు పొడవుగా ఉంటారు. అంతమాత్రాన ఆట వల్లే పొడవు పెరిగారని అనలేం. పొడవైనవారే ఆ ఆటకు ఎక్కువగా ఎంపికవుతారు. ఖరీదైన కోర్సులకు వెళ్లే పిల్లల్లోనూ ముందు నుంచే చదువుపై ఆసక్తి, ఇంట్లో ప్రోత్సాహం, ఆర్థిక స్తోమత ఉండే అవకాశం ఎక్కువ. పరిశోధకులు దీన్ని ‘ఎంపిక పక్షపాతం’ అంటారు.

లాటరీ చెప్పిన సంగతి

ఈ చిక్కును దాటడానికి ఒక మార్గం లాటరీ. అర్హులైన దరఖాస్తుదారుల్లో కొందరికి మాత్రమే లాటరీతో సీట్లిస్తే, సీటు వచ్చినవారినీ రానివారినీ న్యాయంగా పోల్చవచ్చు. సారా కోహోడ్స్, హెలెన్ హో, సిల్వియా రోబుల్స్ 2022లో వెలువరించిన అధ్యయనం ఇలాంటిదే. సైన్స్, ఇంజినీరింగ్ రంగాల్లో తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల విద్యార్థుల కోసం ఒక ప్రముఖ సంస్థ నడిపిన ఆరు వారాల, వారం రోజుల, ఆన్‌లైన్ వేసవి కార్యక్రమాలను వారు పరిశీలించారు. సీటు వచ్చినవారు కాలేజీలో చేరడం, డిగ్రీ పూర్తిచేయడం, సైన్స్ సంబంధిత పట్టా పొందడం ఎక్కువగా కనిపించింది.

అంటే వేసవి కార్యక్రమాలకు జీవిత గమనాన్ని మార్చే శక్తి ఉంది. అయితే ఆ కార్యక్రమాలు విద్యార్థులకు ఉచితం. వేరే చోట అలాంటి అవకాశం దొరకడం కష్టమైన పిల్లల కోసం రూపొందించినవి. ఇంట్లో ఇంజినీర్లు, బడిలో మంచి ల్యాబ్ ఉన్న విద్యార్థి డబ్బు కట్టి చేరే కోర్సుకూ అదే ఫలితం వస్తుందని ఈ అధ్యయనం చెప్పదు.

ఫీజు కట్టే ముందు

అసలు చూడాల్సింది, ఆ కోర్సు లేకపోతే విద్యార్థి వేసవిలో ఏం చేసేవాడన్నది. బోధించేది అధ్యాపకులా, తాత్కాలిక సిబ్బందా? ప్రయోగాలు స్వయంగా చేయిస్తారా? కాలేజీ క్రెడిట్ వస్తుందా? కోర్సును విశ్వవిద్యాలయమే నడుపుతోందా, లేక క్యాంపస్‌ను అద్దెకు తీసుకున్న ప్రైవేటు సంస్థా? ఈ కోర్సు చేసినంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదని పలు విశ్వవిద్యాలయాలే చెబుతున్నాయి.

ఫీజు ఎక్కువైతే విలువ ఎక్కువని కాదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జరిగే ‘రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్’ 1984లో మొదలైంది. కఠినమైన ఎంపిక ఉండే ఈ కార్యక్రమానికి ట్యూషన్ ఫీజు లేదు. మన దేశంలో ఇస్రో 2019లో ప్రారంభించిన ‘యువికా’లో తొమ్మిదో తరగతి విద్యార్థుల ప్రయాణ, వసతి ఖర్చులను ఆ సంస్థే భరిస్తుంది. శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో శ్రీహరికోట కూడా ఉంది.

కొత్త విషయంపై నిజమైన ఆసక్తి ఉండి, ఖర్చు ఇంటికి భారం కాకపోతే ఫీజు కోర్సు మంచి అనుభవమే. కాలేజీ సీటు కోసమే అయితే మాత్రం అప్పు చేసి పంపాల్సిన అవసరం లేదు.