వసతి గృహంలో తొలి ఏడాది

పన్నెండవ తరగతి ఫలితాలు వచ్చిన రెండు మూడు నెలలకే మన విద్యార్థులు దేశం నలుమూలలకూ వెళ్ళిపోతారు. 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష మొదలయ్యాక ఈ దారి ఇంకా విశాలమైంది. కాకినాడలో పరీక్ష రాసిన అమ్మాయి బనారసులోనో తేజ్‌పూర్‌లోనో సీటు తెచ్చుకోవచ్చు. సీటు ఎలా తెచ్చుకోవాలో చెప్పే పుస్తకాలు దుకాణం నిండా ఉన్నాయి. సీటు వచ్చాక మూడు నాలుగేళ్ళు ఉండబోయే వసతి గృహం గురించి చెప్పేవి మాత్రం అరుదు. అందుకే ఈ వ్యాసం.

కేంద్ర ప్రభుత్వ పాఠశాలల్లో చదివే పిల్లలకు ఊళ్ళు మారడం కొత్త కాదు. తల్లిదండ్రులకు బదిలీ అయితే వాళ్ళకూ బడి మారుతుంది. మా ఉపాధ్యాయుల సంగతీ అంతే. సామాను కట్టడం, విప్పడం మా చేతులకు అలవాటైన పని. అయితే బదిలీలో ఇల్లంతా కదులుతుంది. వంట గిన్నెలు, దేవుడి పటం, పొద్దున్నే నిద్ర లేపే అమ్మ గొంతు, అన్నీ వెంట వస్తాయి. హాస్టలుకు వెళ్ళేటప్పుడు కదిలేది ఒక్క పెట్టె. అందువల్ల "మావాడు నాలుగు రాష్ట్రాలు చూశాడు, వాడికేం ఇబ్బంది ఉండదు" అనుకునే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒకటే: ఊరు మారడం వేరు, ఇల్లు విడవడం వేరు.

హాస్టలు అంటే పడక మాత్రమేనా?

విద్యార్థులు చదువుకునే చోటే కలిసి నివసించడం మన దేశంలో పాత పద్ధతి. నలంద విహారాల్లో గదులున్నాయి. మన నాగార్జునకొండలో బయటపడిన బౌద్ధ విహారాల్లోనూ మధ్యలో మండపం, చుట్టూ చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. ఎవరి గది వారిదే అయినా గుమ్మం దాటితే అందరూ కలిసే చోటు ఉండేది.

ఆధునిక కాలానికి వస్తే, 1918లో హైదరాబాదులో ఏర్పడిన రెడ్డి హాస్టలు పల్లెల నుంచి వచ్చిన ఎందరో తెలుగు విద్యార్థులకు నీడనిచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి గారి వంటి పండితుడు ఆ హాస్టలు బాధ్యతలు చూశారు. అక్కడ గ్రంథాలయమూ ఉండేది. 1951లో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీ తన వసతి గృహాలను హాళ్ళు అని పిలుస్తుంది. మద్రాసు ఐఐటీలోనూ, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలోనూ హాస్టళ్ళకు నదుల పేర్లు పెట్టారు. రెండు చోట్లా గోదావరి ఉంది. కట్టినవారి ఉద్దేశం ఈ పేర్లలోనే తెలుస్తుంది. హాస్టలు అంటే కొన్నాళ్ళు తల దాచుకునే చోటు మాత్రమే కాదు, "మాది ఫలానా" అని చెప్పుకోదగినది కావాలని.

కానీ పేరు పెట్టినంత మాత్రాన ఇల్లు కాదు. హాస్టలు ఎలా నడుస్తుందో ముందు తెలుసుకోవాలి. పైన వార్డెను ఉంటారు. సాధారణంగా ఆయనో ఆవిడో అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే అధ్యాపకులు. తరగతులు, పరిశోధన, పరీక్షల పని చూసుకుంటూనే ఈ బాధ్యతా మోస్తారు. రోజువారీ పనులకు కేర్‌టేకరు, భోజనాలకు మెస్సు కమిటీ, గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటారు. వందల మంది ఉన్న హాస్టలులో ఒక్క వార్డెను ప్రతి ముఖాన్నీ గుర్తుపట్టడం అసాధ్యం. అక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఒక విద్యార్థి రెండు రోజులు మెస్సుకు రాకపోతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

మంచి హాస్టలును కొలవడానికి మాకు తెలిసిన కొలబద్ద ఇదే. భవనం కొత్తదా, ఇంటర్నెట్ వేగం ఎంత అన్నవి తరువాతి మాటలు.

మొదటి ఆరు వారాలు

సెమిస్టరు పదిహేను, పదహారు వారాలు. చాలా చోట్ల ఆరేడు వారాలకే మొదటి మధ్యంతర పరీక్ష వచ్చేస్తుంది. కొత్త విద్యార్థి కుదురుకోవడానికి ఉన్న గడువు అంతే. ఈ లోపల ఒకేసారి చాలా మార్పులు మీద పడతాయి.

మొదటిది నిద్ర. ఇంట్లో పదింటికి దీపం ఆర్పే మనిషి ఉంటారు. హాస్టలులో రెండింటి దాకా వెలుగే. రాత్రి మెలకువ, పొద్దున క్లాసు ఎగ్గొట్టడం, మధ్యాహ్నం నిద్ర. ఇది రెండు వారాలు సాగితే హాజరు పడిపోతుంది. చదివింది గుర్తుండటానికీ నిద్రే ఆధారం కనుక చదువూ పడిపోతుంది.

రెండవది తిండి. రాత్రి రొట్టె, రాజ్మా పెట్టే మెస్సులో తెలుగు పిల్లవాడు పెరుగన్నం కోసం వెతుక్కుంటాడు. ఈశాన్య రాష్ట్రాల నుంచి హైదరాబాదుకు వచ్చిన అమ్మాయి మన పులుసు కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. తిండి నచ్చక గదిలో బిస్కెట్లతో గడిపేవారు తిండితో పాటు నలుగురినీ పోగొట్టుకుంటారు.

మూడవది మార్కులు. బడిలో మొదటి స్థానంలో ఉన్నవారంతా ఒకే తరగతిలో కూర్చుంటే అందులో సగం మంది సగం కంటే కింద ఉండక తప్పదు. ఇది లెక్క, ఎవరి తప్పూ కాదు. కానీ ఎప్పుడూ తొంభై దాటిన పిల్లవాడు మొదటిసారి నలభై చూస్తే "నేను ఇక్కడికి తగను" అనుకుంటాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేడు. గదిలో చెప్పడానికి సిగ్గు.

నాలుగవది భాష. భోజనాల బల్ల దగ్గర నలుగురు తెలుగువాళ్ళు, ఒకరు కానివారు కూర్చున్నారనుకుందాం. మాటలన్నీ తెలుగులోనే సాగితే ఆ ఒకరు కాసేపటికి ప్లేటు తీసుకుని లేచిపోతారు. ఎవరూ వెళ్ళమనలేదు, అయినా వెళ్ళవలసి వచ్చింది. బదిలీల మీద తిరిగిన మాకు ఆ ఒకరి స్థానం బాగా తెలుసు. మన పిల్లలు కొన్ని చోట్ల ఆ ఒకరు అవుతారు, కొన్ని చోట్ల ఆ నలుగురు అవుతారు. నలుగురిలో ఉన్నప్పుడు ఒక్క వాక్యం అందరికీ తెలిసిన భాషలోకి మార్చడం పెద్ద కష్టం కాదు.

ఐదవది ఆరా తీయడం. "నీ ర్యాంకు ఎంత? ఇంటిపేరేమిటి?" అన్న ప్రశ్నల వెనుక కులం తెలుసుకునే ప్రయత్నం ఉండవచ్చు. అడిగేవారికి అది కబురు, వినేవారికి అది గాయం. పరిచయానికి ఊరి పేరు, ఇష్టమైన ఆట, చదివిన పుస్తకం చాలు.

తెలిసి ఉండవలసిన రక్షణలు

"అడగందే అమ్మైనా పెట్టదు" అంటారు. ఇక్కడ అడగాలంటే ఏమున్నాయో ముందు తెలియాలి.

ర్యాగింగును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించేలా విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2009లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి సంస్థలో ర్యాగింగు నిరోధక కమిటీ, ఆకస్మిక తనిఖీలు చేసే బృందం ఉండాలి. విద్యార్థి, తల్లిదండ్రులు హామీపత్రం ఇవ్వాలి. ఫిర్యాదుకు 24 గంటల ఉచిత ఫోను నంబరు 1800-180-5522. "సరదాకే" అన్న సాకు ఈ నిబంధనల ముందు చెల్లదు.

కొత్తవారిని సంస్థకు పరిచయం చేసే "దీక్షారంభ్" కార్యక్రమానికి యూజీసీ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. కొందరు విద్యార్థులు ఆ రోజుల్ని సెలవుగా భావించి ఆలస్యంగా చేరతారు. అలా చేయకండి. స్నేహాలు కుదిరేది ఆ రోజుల్లోనే. ఇతర సమస్యలకు ఫిర్యాదుల పరిష్కార కమిటీ, లైంగిక వేధింపులకు అంతర్గత కమిటీ, వివక్షకు సమాన అవకాశాల విభాగం ఉంటాయి. చేరిన వారంలోనే వాటి గది ఎక్కడో, ఫోను నంబరు ఏమిటో రాసిపెట్టుకోవాలి.

మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ సేవను ప్రారంభించింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. విశాఖపట్నంలో హాస్టలులో ఉండి చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరు ఉండాలని, సహాయక ఫోను నంబర్లు హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో కనబడాలని అందులో ఉంది. కౌన్సెలరును కలవడం జ్వరానికి డాక్టరును కలవడం లాంటిదే. దాన్ని దాచుకోవలసిన పని లేదు.

గమనించేది ఎవరు?

నియమాలు గోడ మీద ఉంటాయి. గమనించడం మనుషుల పని. హాస్టలులో మార్పును ముందుగా చూసేది చాలాసార్లు వార్డెను కాదు. రూమ్మేటు, మెస్సులో వడ్డించే మనిషి, వాచ్‌మన్. భోజనానికి రాకపోవడం, రోజుల తరబడి స్నానం చేయకపోవడం, ఫోను ఎత్తకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, "నేను లేకపోతే అందరికీ హాయి" వంటి మాటలు. వీటిలో ఏదైనా కనబడితే పక్కన కూర్చుని అడగాలి. ఉపన్యాసం వద్దు. "నాలుగు రోజులుగా నువ్వు మెస్సులో కనబడలేదు, ఏమైంది?" అన్నది చాలు. చెప్పేది మధ్యలో ఆపకుండా వినాలి. "దీనికే ఇంతా?" అనకూడదు. అవసరమైతే కౌన్సెలరు గది దాకా తోడు వెళ్ళాలి. చనిపోవాలన్న మాట వినిపిస్తే మాత్రం అది రహస్యం కాదు. "ఎవరికీ చెప్పనని మాటిచ్చాను" అని ఆగకూడదు. ఆ మిత్రుణ్ణి ఒంటరిగా వదలకుండా వెంటనే వార్డెనుకు, ఇంటివారికి తెలపాలి. మాట తప్పినందుకు తరువాత క్షమించమని అడగవచ్చు.

సంస్థలు చేయగల పనులూ సులువైనవే. అంతస్తుకు ఒక సీనియరును బాధ్యుడిగా పెట్టి, పదిహేను ఇరవై మంది కొత్తవారి పేర్లు అప్పగించవచ్చు. వార్డెను వారానికి ఒక పూట మెస్సులోనే, ఒక్కోసారి ఒక్కో బల్ల దగ్గర భోంచేయవచ్చు. మెస్సు సిబ్బందికి, వాచ్‌మన్‌కు "ఎవరైనా రెండు రోజులు కనబడకపోతే ఈ నంబరుకు చెప్పండి" అని ఒక చీటీ ఇవ్వవచ్చు. వీటికి పెద్ద ఖర్చు లేదు.

తల్లిదండ్రులకు, బడికి

తెలుగింటి ఫోను "తిన్నావా?" అన్న మాటతోనే మొదలవుతుంది. అందులో ఎంతో ప్రేమ ఉంది. కానీ దానికి జవాబు ఎప్పుడూ "తిన్నాను" అనే వస్తుంది. అందుకే తల్లిదండ్రులకు మా సలహా: ఇంకొక ప్రశ్న కలపండి. "ఎవరితో కలిసి తిన్నావు?" ఒక పేరు వస్తే సంతోషం. వారం తరువాత రెండో పేరు వస్తే ఇంకా సంతోషం. వరుసగా మూడు వారాలు "ఒక్కణ్ణే" అని వస్తే వార్డెనుకు ఫోను చేయడానికి అది తగిన కారణం. మార్కుల సంగతి ఆ తరువాత అడగవచ్చు.

బడిలో మేము చేయవలసినదీ ఉంది. పదకొండు, పన్నెండు తరగతుల్లోనే పిల్లలకు కొన్ని పనులు అలవాటు చేయాలి. సొంతంగా నిద్ర లేవడం, బట్టలు ఉతుక్కోవడం, నెల ఖర్చు రాసుకోవడం, బ్యాంకులో దరఖాస్తు నింపడం, తెలియనిదాన్ని తెలియని మనిషిని మర్యాదగా అడగడం. ముఖ్యంగా ఒక పరీక్ష పోయిన తరువాత మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో బడిలోనే నేర్పాలి. యూనిట్ పరీక్షలో తక్కువ వచ్చిన రోజు అందుకు మంచి అదను.

విద్యార్థులారా, జూలైలోనో ఆగస్టులోనో మీరు పెట్టె సర్దుకుంటారు. పచ్చడి సీసా తప్పక పెట్టుకోండి, రెండు పెట్టుకుంటే మరీ మంచిది. మొదటి రోజు రాత్రి ఒక సీసా మెస్సుకు తీసుకువెళ్ళి, ఒంటరిగా కూర్చున్న వారి బల్ల దగ్గర మూత తీయండి. కారమని ముందే చెప్పండి.