మీకు తెలుసా?

గండికోటను జయించిన సేనాని ఆఖరి దండయాత్ర జరిగింది అస్సాంలో. అదే ఆయన ప్రాణం తీసింది.

ఆళ్లగడ్డకు దక్షిణాన, పెన్నా లోయ అంచున ఉన్న గండికోటను 1650లో పెమ్మసాని నాయకుల చేతిలోంచి గుంజుకున్నది మీర్ జుమ్లా. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో కోట్లు గడించి, గోల్కొండ కొలువులో మంత్రి అయిన మనిషి. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ సరుకు చూపించడానికి వెతుక్కుంటూ వచ్చింది ఈ గండికోటకే. తర్వాత మొగలాయిల పక్షాన చేరి, ఔరంగజేబు హయాంలో బెంగాల్ సుబేదారయ్యాడు.

1661 నవంబరులో అస్సాం మీదికి ఢాకా నుంచి కదిలి, 1662 మార్చికల్లా అక్కడి అహోం రాజుల రాజధాని గఢ్‌గావ్‌లో దిగాడు. రాజు జయధ్వజ సింహుడు కొండల్లోకి తప్పుకున్నాడు. ఆ తర్వాత వాన పట్టుకుంది. దారులు మునిగాయి, రసదు ఆగింది, జ్వరాలతో సైనికులు రాలిపోయారు. వెంట ఉన్న చరిత్రకారుడు షిహాబుద్దీన్ తాలిష్ దండులో ధరలు కూడా రాసిపెట్టాడు: సేరు నెయ్యి 14 రూపాయలు, ఒక్క చిలుం పొగాకు 3 రూపాయలు! ఆ కాలపు రూపాయలు సుమా.

1663 జనవరిలో సంధి కుదిరింది. బంగారం, వెండి, ఏనుగులు, రాజు కూతురు మొగలాయిల వశమయ్యాయి. జబ్బుపడ్డ మీర్ జుమ్లా మాత్రం మార్చి నెలాఖరున, ఢాకా చేరకుండానే దారిలో కన్నుమూశాడు. నాలుగేళ్లకే, 1667లో, అహోంలు గౌహతిని తిరిగి పట్టేసుకున్నారు.