ఎంచుకున్న ఫొటో ఎక్కడికి వెళుతుంది?

మనలి, ఎన్నూరు, గుమ్మిడిపూండి ప్రాంతాల్లోని తెలుగువారికీ, సరిహద్దు అవతల తడ, సూళ్లూరుపేట, సత్యవేడు వైపు ఉన్నవారికీ ఈ రోజుల్లో ఒక పని తప్పడం లేదు. కాలేజీ సీటుకైనా, ఉద్యోగ పరీక్షకైనా దరఖాస్తు కంప్యూటర్‌లోనో, ఫోనులోనో నింపాలి. పేరు, ఊరు రాయడం ఎలాగో పూర్తవుతుంది. ఫొటో దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఫైలు పెద్దదిగా ఉందని ఇంగ్లీషులోనో, తమిళంలోనో ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. అది గడువు చివరిరోజైతే ఆ పిల్లల అవస్థ చెప్పనక్కరలేదు. ఫొటోను ఎంచుకున్న క్షణంలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ కంగారు సగం తగ్గుతుంది. అదే ఈనాటి ప్రసంగ విషయం.

వెబ్ పేజీని మనకు చూపించేది బ్రౌజర్. ఆ పేజీ చేత పనులు చేయించే భాష జావాస్క్రిప్ట్. దీన్ని 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించారు. పేజీ ద్వారా ఫైలు పంపే పద్ధతిని కూడా ఆ ఏడాదే ప్రతిపాదించారు. అయితే అప్పట్లో ఫైలు లోపల ఏముందో జావాస్క్రిప్ట్ చూడలేకపోయేది. ఫొటో సర్వరుకు, అంటే దూరాన ఉన్న కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడ పరీక్ష జరిగాకే 'చెల్లదు' అన్న కబురు తిరిగి వచ్చేది. 2009లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 'ఫైల్ ఏపీఐ' తొలి ముసాయిదాను వెలువరించింది. 2010 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3.6 ఫైలును బ్రౌజర్‌లోనే చదివే సౌకర్యం కల్పించింది. నేటి బ్రౌజర్లన్నింటిలోనూ ఆ సౌకర్యం ఉంది.

మరి మన ఫోనులోని ఫొటోలన్నీ ఆ పేజీ చూసేస్తుందా? చూడదు. ఇంట్లో ట్రంకుపెట్టె ఉందనుకోండి. గుమ్మంలోకి వచ్చిన ఉద్యోగి రేషన్ కార్డు చూపమంటే, పెట్టె తెరిచి ఆ కార్డు ఒక్కటే తెచ్చి చేతికిస్తాం. పెట్టెలో ఇంకేమున్నాయో అతనికి తెలియదు. ఇక్కడ పెట్టె తెరిచేది బ్రౌజర్. మనం ఎంచుకున్న ఫైలునే పేజీకి అందిస్తుంది. దాని పేరు, పరిమాణం, రకం, చివరిసారి మార్చిన తేదీ చెబుతుంది. అది ఏ ఫోల్డరులో ఉందో మాత్రం చెప్పదు.

ఫైలు చేతికి అందాక జావాస్క్రిప్ట్ మూడు పనులు చేయగలదు. మొదటిది, పరిమాణం చూడటం. 50 కేబీ మించరాదన్న చోట 3 ఎంబీ ఫొటో ఇస్తే, అది అరవై రెట్లు పెద్దదని అక్కడికక్కడే చెప్పగలదు. రెండవది, చిత్రాన్ని మనకు చూపడం. ఇందుకోసం బ్రౌజర్ ఆ ఫైలుకు ఒక తాత్కాలిక చిరునామా ఇస్తుంది. మూడవది, చిత్రాన్ని కుదించడం. 4000 నిలువు, 3000 అడ్డం ఉన్న ఫొటోలో కోటీ ఇరవై లక్షల చుక్కలుంటాయి. దాన్ని 'కాన్వాస్' అనే పలక మీద 400 నిలువు, 300 అడ్డంగా తిరిగి గీస్తే లక్షా ఇరవై వేలే మిగులుతాయి. అంటే వందో వంతు. ఈ మూడు పనులకూ ఫొటో మన యంత్రం దాటి వెళ్లనక్కరలేదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఫోను కెమెరాలో లొకేషన్ పెట్టి ఉంటే, ఫొటో తీసిన చోటు కూడా ఆ ఫైలులో నమోదవుతుంది. కాన్వాస్ మీద తిరిగి గీసి దాచిన చిత్రంలో ఆ వివరం ఉండదు.

ప్రోగ్రాములు నేర్చుకునే విద్యార్థులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రౌజర్ చెప్పే 'రకం' చాలావరకు ఫైలు పేరు చివరి అక్షరాలను బట్టి చెప్పేదే. పేరు మారిస్తే రకమూ మారుతుంది. కాబట్టి సర్వరు వైపు మళ్లీ పరీక్ష తప్పనిసరి. బ్రౌజర్‌లోని పరీక్ష మన సౌకర్యానికి. సర్వరులోని పరీక్ష భద్రతకు.

ఇక అందరికీ పనికివచ్చే మాట. తెర మీద మీ ఫొటో కనిపించినంత మాత్రాన దరఖాస్తు చేరినట్టు కాదు. అలాగని ఫొటో ఎక్కడికీ పోలేదనీ అనుకోరాదు. ఎంచుకున్న వెంటనే పంపేసే పేజీలూ ఉన్నాయి. అందుకే తెలియని పేజీలో ఆధార్ కాపీని ఎంచుకోకండి. దరఖాస్తు సంఖ్యతో రసీదు వచ్చాకే పని పూర్తయినట్టు లెక్క.

ఇంటర్నెట్ సెంటరులో దరఖాస్తు నింపితే, మీ పత్రాల ప్రతులు ఆ కంప్యూటర్‌లో మిగిలిపోవచ్చు. బ్రౌజర్ వాటిని తుడిచిపెట్టదు. లేచి వచ్చేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డరులోంచీ, రీసైకిల్ బిన్‌లోంచీ వాటిని తీసేయించండి. పెట్టె తెరిచి కాగితం ఇచ్చినవారు, తిరిగి మూత వేయడం కూడా మరువకూడదు కదా!