స్పోర్ట్స్ కోటాపై గురి.. పెల్లెట్ నుంచే మొదలు!

మంచిర్యాలలో డిగ్రీ చదువుతూ స్పోర్ట్స్ కోటా ఉద్యోగంపై కన్నేశారా? కేంద్ర కొలువుల కోటా జాబితాలో షూటింగ్ కూడా ఉంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వర్సిటీ తరఫున ఆడినవాళ్లూ గ్రూప్-సి పోస్టులకు ఈ కోటాలో అర్హులే. మన కాలేజీలు కాకతీయ వర్సిటీ పరిధిలోవి కాబట్టి, సెలక్షన్స్ సంగతి మీ ఫిజికల్ డైరెక్టర్‌ను ముందే అడగండి.

చాలామంది మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు. పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే! అందుకే పెల్లెట్ దగ్గర తొందర వద్దు.

● తల చదునుగా ఉండే 4.5 మి.మీ. రకం తీసుకోండి. కాగితంపై రంధ్రం గుండ్రంగా తెగుతుంది. స్కోరు దగ్గర పేచీ ఉండదు.

● తల సైజు 4.49, 4.50 అంటూ డబ్బాపైనే ఉంటుంది. రెండుమూడు రకాలు ఒక్కో డబ్బా కొని, కోచ్ సాయంతో పిస్టల్‌ను స్టాండుకు బిగించి ఐదేసి షాట్లు కాల్చండి. రంధ్రాలు దగ్గరగా పడిన రకమే మీ పిస్టల్‌కు సరిపోయేది.

● రోజువారీ ప్రాక్టీసుకు చవక రకం చాలు. ఖరీదైన మ్యాచ్ పెల్లెట్లను పోటీకి, దానికి ముందు కొన్ని రోజులకే దాచుకోండి.

● కాల్చిన పెల్లెట్ ఆకారం చెడుతుంది, మళ్లీ వాడొద్దు. అది సీసం కాబట్టి చేతులు కడిగాకే తినండి.

వీడియోలు చూసి అసలు తూటాలు ఇంట్లో రీలోడ్ చేద్దామనుకుంటే మాత్రం ఆగండి. లైసెన్సు లేని తయారీ 1959 ఆయుధాల చట్టం కింద నేరం. కేసు పడితే ఉద్యోగ వెరిఫికేషన్‌లోనే చిక్కుకుంటారు.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చేనాటికి వయసు 18 ఏళ్లే. మీరూ గురి పెట్టండి మరి!