కోయిల లేని వసంతానికి పాట

ఋతువులెన్ని అని అడిగితే మా తెలుగు బడి పిల్లలు ఆరు అని గడగడా అప్పజెప్పేస్తారు. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. మార్కులూ వస్తాయి. కానీ ఇక్కడ మిన్నెసోటాలో వాళ్ళు చూసేవి నాలుగే. అప్పజెప్పిన మాటలు వాళ్ళ సొంతం కావాలంటే ఏం చేయాలా అని ఆలోచించి, పాటలు కట్టించాలనుకున్నాం.

మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. "ఉగాది వస్తోంది, వసంతం మీద ఓ పాట కట్టండి. కోయిల, మావిచిగురు, వేపపువ్వు ఉండాలి" అన్నాం. బయట ఇంకా మంచు కరగలేదు. పిల్లలు మా మొహాలు చూశారు. చివరికి ఒక పాప, "అంకుల్, నేను కోయిలని ఎప్పుడూ వినలేదు" అంది. తప్పు మాదేనని అప్పుడు తెలిసింది. మా చిన్ననాటి ఋతువును వాళ్ళచేత పాడించబోయాం!

ఆ తరువాత పద్ధతి మార్చాం. ఇప్పుడు మూడు దశల్లో చేయిస్తున్నాం.

మొదటిది వినడం. అయిదు నిమిషాలు బయట నిలబడి, ఏం వినబడిందో చెప్పాలి. బూట్ల కింద మంచు, రోడ్డు మీద మంచు తోసే బండి. ఆ చప్పుడుకు తెలుగు మాట వెతుకుతాం. కరకర, జరజర, చిటపట, జలజల... ఇలాంటి మాటలకు మన భాషలో కరువు లేదు.

రెండవది తాళం. ఈ మాటలన్నీ నాలుగేసి మాత్రలు, అంటే సరిగ్గా 'తకధిమి' కొలత. మా రెండో తరగతి పిల్లలు కట్టిన వరుస ఇది: "కరకర మంచూ, జరజర బండీ". లఘువులు రెండేసి కలిపి ఒక లెక్క, గురువు ఒక్కటే ఒక లెక్క. వేళ్ళ మీద లెక్కపెట్టండి, ఆదితాళంలోని ఎనిమిది లెక్కలూ సరిపోతాయి. ఛందస్సు అనే మాట ఎత్తకుండానే గురులఘువులు వచ్చేశాయి.

మూడవది స్వరం. కీబోర్డు మీద నల్ల మెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని 'స' చేసుకుని నల్ల మెట్లే వరుసగా వాయిస్తే మోహన రాగ స్వరాలు. రెండింటి గుంపులో రెండవదాన్ని 'స' చేసుకుంటే అవే మెట్లు శుద్ధ ధన్యాసి. ఎలా కలిపినా చెవికి ఇంపుగానే ఉంటుంది కనుక పిల్లలకు భయం ఉండదు. మా వాళ్ళు ఎండాకాలానికి మోహన, చలికాలానికి శుద్ధ ధన్యాసి ఎంచుకున్నారు.

1725లో అచ్చయిన వివాల్డీ 'నాలుగు ఋతువులు' కూడా వినిపించాం. అందులో మంచు మీద జారిపడటం వయొలిన్ మీద వినగానే, "మనలాగే చేశాడే!" అని ఒకటే నవ్వులు.

కోయిలను విననన్న పాప ఆ వారం తన పాటను ఫోనులో అమ్మమ్మకు పాడి వినిపించిందట. "మరి మీ ఊళ్ళో ఏం వినబడుతుంది?" అని అడిగితే, అమ్మమ్మ ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. మరుసటి ఆదివారం పాప తరగతికి 'కుహుకుహు' తెచ్చింది. అదీ నాలుగు మాత్రలే. కరకర పక్కన చక్కగా ఇమిడిపోయింది.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈసారి బడి నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో పాటలు కాసేపు ఆపి, "ఏం వినబడుతోంది?" అని పిల్లల్ని అడగండి. జవాబు తెలుగులో చెప్పమనండి. మిగతాది మేము తాళంలో పెట్టిస్తాం.