వార్తల్లో పదం: ప్రీఎక్లాంప్సియా

గర్భం జబ్బు కాదు. అయినా ఏ జబ్బూ లేని మహిళకూ అందులో ముప్పు ఉండొచ్చు. ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన అమెరికా రన్నర్ అలిసన్ ఫెలిక్స్‌కు 2018లో 32వ వారంలోనే అత్యవసరంగా సిజేరియన్ చేశారు. కారణం తీవ్ర ప్రీఎక్లాంప్సియా.

మామూలుగా ఉన్న బీపీ 20వ వారం దాటాక 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, కిడ్నీల వంటివి దెబ్బతినడమో ఈ సమస్య లక్షణం. మాయకు రక్తం అందించే నాళాలు సరిగా విప్పారకపోతే, అక్కడి నుంచి వెలువడే పదార్థాలు తల్లి రక్తనాళాలను దెబ్బతీస్తాయి. నూటికి 2 నుంచి 8 మంది గర్భిణుల్లో ఇది కనిపిస్తుంది. తొలి కాన్పు, కవలలు అయితే ముప్పు ఎక్కువ.

తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కడుపు పైభాగంలో నొప్పి, ముఖం ఉన్నట్టుండి వాయడం హెచ్చరికలు. ‘కడుపుతో ఉంటే నీరు పట్టడం మామూలే’ అని సరిపెట్టుకోకూడదు. ముదిరితే మూర్ఛ వస్తుంది, అదే ఎక్లాంప్సియా. దానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. అసలు పరిష్కారం కాన్పే. అయితే కాన్పయ్యాకా ఆరు వారాల వరకు ఇది రావచ్చు. ముప్పు ఎక్కువున్నవారికి డాక్టర్లు 16 వారాల్లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. ప్రతి చెకప్‌లో బీపీ, మూత్ర పరీక్ష తప్పనిసరి.